ఆడ-మగ వరిలో నష్టం రైతుదేనా?

దేశంలో తయారయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో ఎక్కువ భాగం ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల మడుల్లోనే పండుతోంది. యాసంగి వస్తే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రైతులం కూడా ఆడ-మగ వరి వేస్తున్నాం. మామూలు వడ్ల కంటే నాలుగు పైసలు ఎక్కువ వస్తాయన్న ఆశే కారణం. గింజ కట్టకపోతే మాత్రం నష్టమంతా రైతు నెత్తినే పడుతోంది. ఇది ఎందుకు అన్యాయమో తెలియాలంటే ఆడ వరి సంగతి ముందు తెలియాలి.

వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. సంకరం చేయడానికి లక్షల పువ్వుల్లో మగ భాగాన్ని చేత్తో తీయడం అయ్యే పని కాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో పుప్పొడి పనిచేయని అడవి వరి మొక్క దొరికింది. మనం నాటే ఆడ వరిలో ఎక్కువ రకాలకు మూలం అదే. ఈ లక్షణం తల్లి వైపు నుంచే దిగుతుంది. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే డబ్ల్యూఏ352 అనే జన్యువు, పుప్పొడికి మేత అందించే పొరను వేళకు ముందే చంపేస్తుంది. చైనా శాస్త్రవేత్తలు 2013లో ఈ గుట్టు విప్పారు. మగ వరిలోని ఆర్‌ఎఫ్3, ఆర్‌ఎఫ్4 జన్యువులు ఆ చెరుపును ఆపుతాయి. అందుకే మన పొలంలో ఆడ సాళ్లకు మగ సాళ్ల పుప్పొడే దిక్కు. ఆ గింజ కొని నాటుకున్న రైతుకు మాత్రం పంట మామూలుగా పండుతుంది.

ఇందులో మన చేతిలో ఉన్నదెంత? జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడతాం, కేళీలు ఏరతాం, పొద్దున పూత విచ్చగానే తాడు లాగుతాం. వీటిలో అశ్రద్ధ చేస్తే ఆ తప్పు మనదే, కాదనం. కానీ ఆడదీ మగదీ ఒక్కసారే పూతకు రావాలంటే దేన్ని ఎన్ని రోజుల తేడాతో పోయాలో చెప్పేది కంపెనీ మనిషి. పుప్పొడి గాలిలో బతికేది కొన్ని నిమిషాలే. పూత వేళ ఎండ 35 డిగ్రీలు దాటినా, వాన కొట్టినా తాలు మిగులుతుంది. కంపెనీ ఇచ్చిన ఆడ విత్తనంలోనే పుప్పొడి ఉన్న మొక్కలు కలిసి వస్తే పంట బాగున్నా స్వచ్ఛత పడిపోతుంది. ధ్రువీకరణకు కనీసం 95 శాతం ఉండాలి. విత్తనం వాళ్లది, తేదీలు వాళ్లవి, పరీక్షా వాళ్లదే. నష్టం ఒక్కటే మనది!

మొక్కజొన్నలోనూ ఇదే కథ. పక్కనున్న ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల విత్తన రైతులు 2025లో పరిహారం కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. కొట్లాడితేనే న్యాయం దక్కుతుందంటే, ఒప్పందం ఎందుకు?

ఈ విద్య ప్రైవేటు సొత్తుగా మొదలు కాలేదు. 1989లో భారత వ్యవసాయ పరిశోధన మండలి హైబ్రిడ్ వరి కార్యక్రమం మొదలుపెట్టింది. 1994లో మారుటేరు నుంచి ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2 వచ్చాయి. ప్రజల సొమ్ముతో పెరిగిన విద్యకు ప్రభుత్వ కాపలా ఉండాల్సిందే. 1966 విత్తన చట్టం అమ్మే విత్తనం నాణ్యతనే చూస్తుంది. పండించే రైతు ఒప్పందం గురించి అందులో మాట లేదు.

అందుకే మేము అడుగుతున్నాం. ఒప్పందం తెలుగులో రాసి, ఒక ప్రతి రైతుకు, ఒకటి మండల వ్యవసాయ అధికారికి ఇవ్వాలి. కౌలు రైతు పేరూ అందులో ఉండాలి. నారు పోయకముందే ఆడ, మగ విత్తనాల నమూనాలు సీలు వేసి ప్రభుత్వ ప్రయోగశాలలో ఉంచాలి. గింజ కట్టకపోయినా ఎకరానికి కనీస మొత్తం చెల్లించాలి. స్వచ్ఛత పరీక్ష ఫలితం రైతు చేతికి రావాలి.

ఈ యాసంగి నారు పోసే ముందు కాగితం అడుగుదాం. కాగితం ఇవ్వని ఏజెంటుకు మడి ఇవ్వొద్దు.