శీర్షికలోనే 'ఎలుక' అని రాయాలి

ఫలానా ప్రొటీన్‌తో చిట్టెలుకల్లో పేగువాపు తగ్గిందన్న కబురు ప్రయోగశాల గడప దాటేసరికి 'క్రోన్స్ వ్యాధికి మందు దొరికింది' అయిపోతోంది. ఇది ఆగాలి. ప్రయోగం ఎలుకలపై జరిగితే ఆ మాట శీర్షికలోనే ఉండాలి, వార్త అడుగున కాదు.

ఇంటర్‌ల్యూకిన్-10 సంగతే చూడండి. వాపును అదుపులో పెట్టే ప్రొటీన్ ఇది. దాని జన్యువు తీసేసిన ఎలుకలను పేగువాపు పట్టి పీడిస్తుందని 1993లో తేలింది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసేలా మార్చిన బ్యాక్టీరియాతో ఎలుకల్లో వాపు తగ్గించినట్టు 2000లో ప్రకటించారు. తీరా మనుషుల్లో దీర్ఘకాలిక పేగువాపు జబ్బయిన క్రోన్స్ ఉన్న రోగులకు అదే ప్రొటీన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే ఆశించిన ఫలితం రాలేదు.

ఎలుకకు జబ్బు తెప్పించే తీరులోనే చిక్కుంది. చాలా ప్రయోగాల్లో తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం అనే రసాయనం కలుపుతారు. కొద్ది రోజులకే నెత్తురు విరేచనాలు పట్టుకుని ఎలుక బరువు తగ్గుతుంది, పెద్దపేగు కురచబారుతుంది. ఆ నీళ్లు మాన్పిస్తే చాలావరకు దానంతటదే తేరుకుంటుంది. మనిషికి అలా మాన్పించడానికేముంది? ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉండే జబ్బు ఇది.

అలాగని ఎలుకలపై పరిశోధన దండగ అనేవారితో మేం ఏకీభవించం. పసితనంలోనే తీవ్రమైన పేగువాపు వచ్చిన కొందరు పిల్లల్లో ఇంటర్‌ల్యూకిన్-10ను అందుకునే గ్రాహకాల జన్యువులే దెబ్బతిన్నాయని 2009లో బయటపడింది. వారిలో ఒక బిడ్డకు మూలకణ మార్పిడితో ఉపశమనం దొరికింది. ఆ దారి చూపింది ఎలుకలే. ఇలాంటి పరిశోధనకు నిధులు పెరగాలి.

కానీ రోగి అవస్థ మరిచిపోకూడదు. నెత్తురు పడితే మొలలనుకుని నాటుమందులు వాడేవారున్నారు. క్రోన్స్‌ను పేగు క్షయగా పొరబడి నెలల తరబడి ఆ మందులే మింగించడమూ మన దేశంలో కొత్త కాదు. ఇంత తిరిగాక అసలు జబ్బు పేరు తెలిసిన మనిషి, బాధ లేని రోజుల్లోనూ డాక్టర్ రాసిన మందులు వాడుతూ ఉండాలి. 'కొత్త మందొచ్చింది' అన్న శీర్షిక నమ్మి అవి ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు. ఆ నష్టం రాసినవారిది కాదు, చదివినవారిది.

ఏ జంతువుపై చేశారు, జబ్బు ఎలా తెప్పించారు, మనుషులపై పరీక్ష మొదలైందా అన్నవి చెప్పని ప్రకటనను విశ్వవిద్యాలయాలు విడుదల చేయకూడదు. చేసినా పత్రికలు, టీవీ చానళ్లు దాన్ని వార్తగా తీసుకోకూడదు.