జేబులో బుల్లి భూకంపం!

సెల్‌ఫోన్లో మాట స్పష్టంగా వినపడితే టవర్‌నో కంపెనీనో మెచ్చుకుంటాం. లోపల బియ్యపు గింజలో సగం కూడా లేని ఓ ముక్క చేస్తున్న చాకిరీ మాత్రం ఎవరికీ కనపడదు. దాని పేరు ‘సా’ ఫిల్టర్.

కల్యాణ మండపంలో బాజాభజంత్రీలు హోరెత్తిపోతున్నాయి. ఆ మూల నుంచి పిన్ని ఏదో చెబుతోంది. డోలు వాయిస్తున్న మనిషే, వాయింపు ఆపకుండా, ఆ మాట వినాలి. అయ్యేపనేనా?

4జీ ఫోన్ ప్రతి క్షణం చేసేది అదే. టవర్‌కి అందేలా అది పంపే సిగ్నల్ బలం 0.2 వాట్ల దాకా ఉంటుంది. సిగ్నల్ అందీ అందని చోట టవర్ నుంచి దానికి చేరేది అందులో లక్ష కోట్ల వంతు! ఆ గుసగుస వినాలంటే ముందు తన అరుపు తన చెవిన పడకూడదు.

అందుకే రాకకూ పోకకూ వేర్వేరు దారులు పెట్టారు. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌నే తీసుకుంటే... 880 నుంచి 915 దాకా ఫోన్ మాట్లాడే దారి. 925 నుంచి 960 దాకా టవర్ మాట్లాడే దారి. మధ్యలో ఖాళీ 10 మెగాహెర్ట్జే. అంటే నూటికి ఒక వంతు. రెండు మడుల మధ్య సన్నటి గట్టు లాంటిదన్నమాట. ఇటు నీళ్లు అటు పొర్లకుండా ఆ గట్టు మీద కాపలా కాసేదే ఫిల్టర్.

రాతి మీద అల

900 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అడుగు పైమాటే. అలాంటి అలను నేరుగా వడకట్టాలంటే పెద్ద సరంజామా కావాలి. టవర్ల దగ్గరైతే డబ్బాల్లాంటి ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. జేబులో ఎలా?

ఇక్కడే ఉంది కిటుకు. రేడియో సిగ్నల్‌ని కాసేపు శబ్దంగా మార్చేస్తారు. చెవికి వినపడే శబ్దం కాదు, స్ఫటికం పైపొర మీద పాకే అల. దాన్నే ‘సర్ఫేస్ అకౌస్టిక్ వేవ్’ అంటారు. పొట్టిగా ‘సా’. సరిగమల్లో మొదటి స్వరంలా!

క్వార్ట్జ్, లిథియం నియోబేట్, లిథియం టాంటలేట్ వంటి స్ఫటికాలకు విద్యుత్తు తగిలితే సాగుతాయి, ముడుచుకుంటాయి. ఆ కదలిక ఉపరితలం మీద సెకనుకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది. రేడియో తరంగం వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. అంటే ఈ అల 75 వేల రెట్లు నిదానం. వేగం తగ్గితే పొడవూ అంతే తగ్గుతుంది. అడుగు పైచిలుకు అల కాస్తా 4.4 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. చిప్పులో పట్టేస్తుంది.

80 ఏళ్ల ఎదురుచూపు

స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు జాక్, పియరీ 1880లో కనిపెట్టారు. 1885లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ, గట్టి పదార్థం పైపొర మీద మాత్రమే సాగే అలలు ఉండాలని లెక్కగట్టి చూపించారు. భూకంపాల్లో వీటి పాత్ర ఉండొచ్చనీ ఊహించారు. ఆయన ఊహ నిజమైంది. భూకంపమప్పుడు నేలను అలలా ఊపేవాటిలో రేలీ తరంగాలూ ఉన్నాయి.

ఈ రెండింటినీ కలిపి వాడుకోవడానికి మరో 80 ఏళ్లు పట్టింది. 1965లో అమెరికాలోని బర్కిలీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ వైట్, వోల్ట్‌మర్ స్ఫటికం మీద లోహంతో రెండు దువ్వెనలు గీశారు. ఒకదాని పళ్ల సందుల్లో మరొకదాని పళ్లు. వాటికి సిగ్నల్ ఇస్తే స్ఫటికం మీద అల లేచింది. అవతలి వైపున్న మరో దువ్వెనల జత ఆ అలను పట్టుకుని తిరిగి విద్యుత్తుగా మార్చేసింది.

మొదట రాడార్లలో వాడారు. తర్వాత టీవీల్లోకి వచ్చాయి. అంతకుముందు టీవీలో ఫిల్టర్ అంటే బోలెడన్ని తీగచుట్టలు. ఒక్కోదాన్నీ తిప్పి శ్రుతి చేయాలి. ఆ బెడదను ఒక్క ‘సా’ ఫిల్టర్ తీర్చేసింది. కలర్ టీవీలు బాగుచేసిన మెకానిక్‌లకు 38.9 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ ఐదు కాళ్ల బిళ్ల బాగా పరిచయమే.

పళ్ల లెక్కే ప్రాణం

ఉయ్యాల ఊపేటప్పుడు సరైన క్షణంలో తోస్తేనే ఊపు పెరుగుతుంది. వేళ తప్పితే ఆగిపోతుంది. దువ్వెన పళ్లూ అంతే. వాటి మధ్య దూరానికి సరిపోయే అలను ఒక్కో పన్నూ ఇంకాస్త తోస్తుంది. మిగతావి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 900 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో పన్ను వెడల్పు సుమారు 1.1 మైక్రాన్. తల వెంట్రుకలో 70వ వంతు! గీతల మధ్య దూరం నూటికి ఒక్క వంతు తేడా వచ్చినా ఫిల్టర్ 9 మెగాహెర్ట్జ్ పక్కకు జరుగుతుంది. గట్టు వెడల్పే 10 అని గుర్తుందిగా!

డిజైనర్ తలనొప్పి అక్కడితో ఆగదు. పళ్ల జతలు పెంచితే దారి సన్నబడుతుంది, తగ్గిస్తే వెడల్పవుతుంది. ఫోన్‌కి వెడల్పైన దారీ కావాలి, అంచు దగ్గర నిట్టనిలువు గోడా కావాలి. అందుకే దువ్వెనకు రెండు పక్కలా అలను వెనక్కి కొట్టే గీతలు గీసి, అలాంటివి కొన్నింటిని నిచ్చెన మెట్లలా కలుపుతారు. అయితే మెట్లు పెరిగినకొద్దీ సిగ్నల్ దారిలోనే ఆవిరవుతుంది. నష్టం 3 డెసిబెల్స్ అయితే సగం శక్తి పోయినట్టే. ఆ లోటు తీర్చేది బ్యాటరీ. పోనీ బలమైన సిగ్నల్ పంపుదామా అంటే, ఆ ఊపుకి అల్యూమినియం గీతలే కొంచెం కొంచెంగా అరిగి దెబ్బతింటాయి. గట్టిదనం కోసం రాగి కలుపుతారు.

ఎండా శత్రువే

వేడెక్కితే స్ఫటికం మీద అల నెమ్మదిస్తుంది. లిథియం టాంటలేట్‌లో డిగ్రీకి పది లక్షల్లో 40 వంతుల దాకా ఫ్రీక్వెన్సీ జారుతుంది. ఇదీ ఓ లెక్కేనా? చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో పనిచేసిన ఫోనే మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనూ పనిచేయాలి. తేడా 50 డిగ్రీలనుకుంటే ఫిల్టర్ 1.8 మెగాహెర్ట్జ్ జరిగిపోతుంది. గట్టులో ఐదో వంతు కొట్టుకుపోయినట్టే.

దీనికి విరుగుడు ఇసుకలో దొరికింది! ఇసుకలో ఉండే సిలికాన్ డయాక్సైడ్‌ది వింత గుణం. వేడెక్కేకొద్దీ బిగుసుకుంటుంది. దాన్ని పళ్ల మీద పూతలా పరిస్తే కిందిది నెమ్మదించినా పైది సరిచేస్తుంది. పెద్దగా వ్యాకోచించని పలక మీద పల్చటి స్ఫటికం పొరను అతికించడం మరో పద్ధతి.

వడపోత సరిగా లేకపోతే...

ఇదంతా ఫోన్లో గరగర తగ్గించడానికేనా? కాదు. 2022 జనవరిలో అమెరికాలో 5జీ మొదలవుతుందనగా ఎయిరిండియా సహా పలు సంస్థలు అక్కడికి వెళ్లే కొన్ని విమానాలను రద్దు చేశాయి. కొత్త 5జీ సిగ్నళ్లు 3700-3980 మెగాహెర్ట్జ్ మధ్య. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉందో చెప్పే రేడియో ఆల్టిమీటర్ వాడేది 4200-4400. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది. అయినా పాత ఆల్టిమీటర్లు కొన్ని పక్కింటి చప్పుడును ఆపలేవేమోనన్న భయం. చివరకు 2023 జులై నాటికి విమానాలకు మెరుగైన ఫిల్టర్లో, కొత్త ఆల్టిమీటర్లో బిగించుకోవాల్సి వచ్చింది. అక్కడ వాడినవి ‘సా’ ఫిల్టర్లే అనలేం. వడపోత విలువ మాత్రం అందరికీ తెలిసొచ్చింది.

‘సా’కీ హద్దుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పళ్లు మరీ సన్నబడి గీయడం కష్టం. అందుకే సుమారు 2.5 గిగాహెర్ట్జ్ దాటాక, అలను పైపొర మీద కాకుండా పదార్థం లోతుల్లోకి పంపే ‘బా’ ఫిల్టర్లు పోటీకొస్తాయి. ఆ కిందంతా ఎక్కువగా ‘సా’దే రాజ్యం. ఈ రంగంలో మురాటా వంటి జపాన్ సంస్థలది పెద్ద చెయ్యి. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లో ఫిల్టర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో బ్యాండ్‌కీ ఒక్కో కాపలాదారు మరి!

ఈసారి ఫోన్లో ‘హలో’ స్పష్టంగా వినపడితే గుర్తుంచుకోండి. ఆ మాట చెవిని చేరేలోపు ఓ స్ఫటికాన్ని సెకనుకు 90 కోట్లసార్లు కంపింపజేసి వచ్చి ఉండొచ్చు!