కథ గట్టినోళ్ల పేరు

మొన్న క్లాసుల ఒక పిల్ల అడిగింది: "సార్, కొరియా సీరియల్ రైటర్ల లెక్క మనోళ్లు ఎన్నడన్న అయితరా?"

మంచి ప్రశ్న. అక్కడ కిమ్ ఉన్ సూక్ పేరుంటే చాలు, జనం చూస్తరు. 2016ల 'డిసెండెంట్స్ ఆఫ్ ది సన్', 2022ల 'ది గ్లోరీ' ఆమె రాసినవే. రచయిత పేరు మీదనే డ్రామా అమ్ముడుపోతది.

మన దిక్కు చూద్దాం. సిరిసిల్ల వేణు ఎల్దండి టీవీల కామెడీ స్కిట్లు చేసుకుంట వచ్చి 'బలగం' రాసి, తీసిండు. 2023 మార్చిల విడుదలైంది. కొమురయ్య పిండం కాకి ముట్టదు, ఇల్లంత ఆగమైతది. నేను ధర్మపురోన్ని. గోదావరి ఒడ్డున పిండం పెట్టి కాకి కోసం చూసే కండ్లు నాకు ఎరుకే. ఊర్లల్ల తెరలు గట్టి జనం ఆ సినిమా చూసిన్రు, ఏడ్చిన్రు. పాత కరీంనగర్ జిల్లా మాట గెలిచింది. వేణుకు సలాం.

కానీ చివరికి ఏడిపించింది ఎవరు? పస్తం మొగిలయ్య, కొమురమ్మ. దుగ్గొండి బుడిగ జంగాలు. మన ఎస్సీ బిడ్డలు. మొగిలయ్య కిడ్నీల జబ్బుతోని 2024 డిసెంబర్‌ల పోయిండు. మంచాన పడ్డప్పుడు సాయం వచ్చింది, కాదనను. సాయం వేరు, హక్కు వేరు.

నేను తెలుగు సాహిత్యంల డాక్టరేట్ చేసిన. కాగితం మీద పేరున్నోడే రచయిత అని ఆ చదువు నేర్పింది. సచ్చినోళ్ల ఇంటికాడ కూసొని, ఆ మనిషి బతుకునే కథగట్టి, విడిపోయిన అన్నదమ్ములను ఒక్కకాడ కూసోవెట్టేటోన్ని 'జానపద కళాకారుడు' అని పక్కకు జరిపినం. ఎక్కడ ఏడిపియ్యాలె, ఎక్కడ ఆపాలె అన్న లెక్క ఆయనకు తెల్వదా? స్క్రీన్‌ప్లే అంటే అదే కదా!

2012ల కాపీరైట్ చట్టం సవరించిన్రు. రాసినోళ్లకే కాదు, పాడినోళ్లకు, ఆడినోళ్లకు గూడ రాయల్టీ హక్కు వచ్చింది. కానీ చట్టం పుస్తకంల ఉంటే కడుపు నిండదు. ఒప్పందం కాగితం చదివి, సంతకానికి ముందు ఇది అడుగు అని చెప్పే మనిషి పక్కన ఉండాలె. ఆ మనిషివి నువ్వే కావాలె తమ్మీ, నువ్వే కావాలె చెల్లే. ఈ సెలవుల్ల మీ వాడల కథ చెప్పే పెద్దమనిషి దగ్గర కూసోండ్రి. ఫోన్‌ల రికార్డు చేయుండ్రి. కింద ఆయన పేరే రాయుండ్రి, మీది కాదు.

ఆ పిల్లకు నా జవాబు: మనోళ్లు రైటర్లు అయ్యేదేంది బిడ్డా, ఎన్నడో అయిన్రు. పేరే ఇంకా తెర మీదికి రాలే.

జై భీమ్.