ఐదు దినముల అతిథియు, మన "అట్లేనండి"యు

పూర్వము పనిమీద మన దేశమునకు వచ్చిన పరదేశీయులు ఏండ్ల తరబడి యుండి పోవువారు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1817లో కుంపిణీ కొలువునకై చెన్నపట్టణము చేరెను. 1820లో కడపకు పోయెను. అటుపిమ్మట తెలుగే ఆయనకు ముఖ్య వ్యాసంగమయ్యెను. కొలువు చాలించి ఇంగ్లండునకు మరలునప్పటికి 1855వ సంవత్సరము వచ్చినది. అంతకాలము మనలో మసలినవారికి, మన మాటకు నిఘంటువులో ఒక యర్థమును నోటిలో మరియొక యర్థమును ఉండుట తెలియకపోదు. ఇప్పుడు వచ్చువారు అట్లుండువారు కారు. ఆదివారము రాత్రి దిగి, శుక్రవారము రాత్రి విమానమెక్కుదురు. వీరితో మనవారు మెలగు తీరును గూర్చి నాకు తోచినది ఇచ్చట వ్రాయుచున్నాను. మన పాఠశాలలో చదివినవారు పలువురు హైదరాబాదు కంపెనీలలో పనిచేయుచున్నారు. నేటి పై తరగతుల పిల్లలు అదే త్రోవను పోగోరుచున్నారు. కావున ఇది మనకు పరాయి సంగతి కాదు.

హైదరాబాదునకు ఈ రాకపోకలు హెచ్చుటకు కారణములు స్పష్టములే. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు అను భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను. మైక్రోసాఫ్ట్ కంపెనీవారు తమ అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పినదియు ఆ సంవత్సరమే. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడెను. 2014లో కంప్యూటరు ద్వారా వీసా పొందు విధానము యాత్రికులకు ఏర్పడి, తరువాత వ్యాపారార్థము వచ్చువారికిని వర్తించినది. చికాగోలోనున్న కంపెనీ అధికారికి హైదరాబాదులోని తన పనివారిని చూచిరావలెనని తోచినచో, ఇప్పుడు పెద్ద ప్రయత్నము అక్కరలేదు.

ఆ వచ్చిన పెద్దమనిషి వారము గడుపు విధమును కొంచెము ఊహింపుడు. సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు ఆయన ఆఫీసులో కూర్చుండును. వేసవియైనచో అప్పుడు చికాగోలో ఆదివారము రాత్రి పదిన్నర. కన్నులు మూతలు పడుచుండును. సాయంకాలము ఏడున్నరకు మనవారు ఇండ్లకు పోవుచుండగా చికాగోలో ఉదయము తొమ్మిదియై, ఆయన సొంత ఆఫీసు తెరువబడును. ఇక అచ్చటివారితో మాటలు. ఒక్క దినములో రెండు దినముల పని! (భూగోళశాస్త్రము చదువు విద్యార్థులు ఇది గమనింపవలెను. మన దేశపు కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మిర్జాపురము సమీపమునుండి వచ్చి, మన ఆంధ్రదేశమును తాకి సముద్రమున దిగును. ఆ రేఖాంశము వలననే మన గడియారము గ్రీనిచ్చి కంటె ఐదు గంటలు కాక ఐదున్నర గంటలు ముందున్నది. వచ్చిన అతిథులందరును ఈ అరగంటను చూచి ఆశ్చర్యపడుదురట.) హోటలు, అద్దాల భవనము, రెంటి నడుమ ట్రాఫిక్కులో చిక్కిన కారు, వీలైనచో ఒక సాయంకాలము చార్మినారు. ఆయన చూచు భారతదేశమంత మాత్రమే. ఇట్టి అలసటలో, ఇంత స్వల్పకాలములో, ఆయన మన మాటను మాటగానే తీసికొనును. తరచి చూచుటకు వ్యవధి ఏది?

సంక్రాంతి సెలవులకు వచ్చిన పూర్వవిద్యార్థి ఒకడు నాతో చెప్పిన సంగతి ఇది. అతని జట్టులో ఎనమండుగురు. అమెరికానుండి వచ్చిన అధికారి బుధవారము నాడు అందరిని కూర్చుండబెట్టి, ఈ పని నెలాఖరునకు పూర్తియగునా అని అడిగెను. జట్టు పెద్ద "అగునండి" అనెను. తక్కినవారు తలలూపిరి. ఆరు వారములకు తక్కువ పట్టదని ఆ గదిలో మనవారందరికిని తెలియును. అతిథి సంతోషముతో ఆ తేదీని వ్రాసికొని, శుక్రవారము రాత్రి వెడలిపోయెను. ఆ తేదీని నమ్మి అచ్చట మరికొందరు మరికొన్ని వాగ్దానములు చేసిరి. ఇక ఇచ్చట మూడు వారములు రాత్రులు జాగరణము. మా విద్యార్థి చంటిబిడ్డకు జ్వరము వచ్చినప్పుడు కూడ ఇంటికి పోజాలకపోయెను. తుదకు పని సగమే ముగిసెను. అప్పుడు ఆ అధికారి, కోపముతో గాక నిజమైన ఆశ్చర్యముతో, తాను ఆ గదిలో ఉన్నప్పుడే ఈ మాట ఏల చెప్పలేదని అడిగి వ్రాసెనట. దానికి ప్రత్యుత్తరము ఏమి వ్రాయవలెనో ఎనమండుగురిలో ఒక్కరికిని తోచలేదు.

మనవారు అబద్ధమాడువారని ఇట్టి సందర్భములలో పరదేశీయులు కొందరు అందురు. అది అన్యాయపు మాట. తెలుగువారింట అప్పు అడుగ వచ్చినవానితో "చూతములెండి" అన్నచో, అడిగినవాడు అది లేదను మాటయేయని గ్రహించి, మజ్జిగ త్రాగి, మర్యాద చెడకుండ లేచిపోవును. పెండ్లి సంబంధమునకు వచ్చినవారితో "ఇంటిలో పెద్దలతో ఆలోచించి కబురు పంపెదము" అందుము. కబురు రాదని ఉభయులకును తెలియును. వినువానికి అర్థము తెలిసియున్నంతవరకు ఇందు మోసము లేదు. ఎదుటివాని ముఖము చిన్నబోకుండ చూచు నేర్పిది. దీనిని నేను తృణీకరింపను. కాని ఆ నేర్పు ఇద్దరును ఎరిగిన భాష. ఒక్కడే ఎరిగినప్పుడు అది నేర్పు కాదు. రెండవవాడు దానివలన నష్టపోవును.

పరదేశము వచ్చినవాడు ఇచ్చటి రీతులు నేర్చుకొనవలదా అని మరికొందరు మనవారే వాదింతురు. నేర్చుకొనవలసినదే. అయినను ఐదు దినములలో ఎంత నేర్చును? మన తల ఊపు ఒక్కటి అర్థమగుటకే వారము చాలదు. వింటిననియు, సరేననియు, కానిండనియు, మీ ఇష్టమనియు ఒకే ఊపునకు ఎన్ని యర్థములు!

భోజనముకడ ఇంకొక వింత జరుగును. మనలో మొదటిసారి వలదనుట మర్యాద, రెండవసారియు వలదనుట మర్యాద, మూడవసారి వడ్డించుట గృహస్థుని ధర్మము. అతిథి కడుపు నిండి, చేయి అడ్డముపెట్టి, నిజముగనే వలదనును. మనము నమ్మము. విస్తరిలో మరి రెండు గరిటెల బిరియానీ పడును. ఆయన కాదన్నది మనకు కాదు కాదు. మనము అవునన్నది మనకే అవును కాదు. ఇట్టివారిరువురు కూర్చుండి ఐదు దినములలో ఒక కార్యము నిశ్చయించుకొని లేతురు!

ఉపాధ్యాయుడనగుటచేత నా దృష్టి తరగతి గదివైపు పోవుచున్నది. ఈ "అట్లేనండి" అచ్చటనే మొలకెత్తుననుట నా అభిప్రాయము. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క చేసి, వెనుకకు తిరిగి "అర్థమైనదా?" యని అడుగును. నలువది గొంతులు ఒక్కటై "అయినదండీ!" అనును. కానివాడు మరింత బిగ్గరగా అనును. కాలేదని చెప్పినవానికి లభించునది ఏమి? తోడివారి నవ్వు, ఉపాధ్యాయుని కనుబొమల ముడి, ఒక్కొక్కచోట బల్లపై నిలుచుట. పదేండ్లు ఇట్లు అభ్యసించినవాడు పదునొకండవ యేట మారునా? మాదాపురములోని ఆ ఎనమండుగురును, ఒక విధముగ చూచినచో, ఇంకను ఆ బెంచీలమీదనే కూర్చుండియున్నారు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదటి మాసములలోనే చెప్పిన సూత్రమొకటి కలదు. అర్థమైనదా యని పిల్లలను అడుగరాదు. అర్థమైనది లేనిది తెలియజేయు ప్రశ్న అడుగవలెను. ఈ సూత్రము పరదేశపు అధికారులకును పనికివచ్చును. నెలాఖరునకు అగునా యనక, ఇంకను మిగిలిన పని ఏది, అందు కష్టమైన భాగమేది, ఎవరి సహాయము కావలెను అని అడిగినచో, తలయూపి తప్పించుకొను వీలు మనవారికి ఉండదు. జట్టులో చిన్నవారిని పెద్దవారి ఎదుట గాక వేరుగ అడిగినచో మరింత మేలు. పెద్ద "అగును" అన్న పిదప చిన్న "కాదు" అనుట మన దేశమున ఎంత కష్టమో ఆయనకు ఎవరైనను ముందుగా చెప్పవలెను.

మనవారు నేర్వవలసినదియు కొండనెక్కునంత పని కాదు. పెద్దలముందు కాదనుట అవిధేయతయని భయపడు పిల్లలకు నేను చెప్పునదేమనగా, కాదను మాట వాడకయే నిజము చెప్పవచ్చును. "అయ్యా, నెలాఖరునకు మొదటి భాగము సిద్ధమగును, రెండవదానికి మరి రెండు వారములు కావలెను, త్వరగా కావలసినచో ఇద్దరు మనుష్యులను ఇప్పించుడు" అనినచో మర్యాదకు ఏమి లోపము? అంతయు వినయమే, అంతయు నిజమే. ఆ బుధవారము నాడు ఎవరైనను ఈ మూడు ముక్కలు పలికియుండినచో, ఒక చంటిబిడ్డ తండ్రి రాత్రి ఇంటనుండెడివాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పాఠశాలనుండి వచ్చిన పిల్లవాడు "ఈ పాఠము నాకు తెలియలేదు" అన్నప్పుడు, జీతము కట్టుచుండగా ఏల తెలియలేదని వెంటనే గద్దింపకుడు. పొరుగింటి పిల్లవానితో పోల్చకుడు. ఆ మాట చెప్పుటకు వానికి ఎంత ధైర్యము కావలసి వచ్చినదో ఒక నిమిషము తలపోసి, ఏ పంక్తికడ ఆగిపోయెనో అడుగుడు. మీకు ఆ పాఠము రాకున్నను చింత లేదు. ఆ పంక్తిక్రింద గీత గీసి పంపుడు. గీత గీసిన పుస్తకము తెచ్చినవానికి, తక్కినవారికంటె ముందుగా, నా బల్లయొద్ద చోటుండును.