నల్లా నీళ్లు మోరికి, క్యాను నీళ్లు నోటికా?

1996ల నల్లగొండ పార్లమెంటు ఎన్నికకు 480 మంది పోటీల నిలబడ్డరు. పదవి కోసం కాదు, ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం. జలసాధన సమితి పిలుపుతోటి పడ్డ నామినేషన్లకు బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. పోలింగే వాయిదా పడ్డది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడుల వంగిన నడుములు, గార పట్టిన పండ్లే మనకు పర్యావరణ పాఠాలు. చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ గ్రానైట్ రాళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ నీళ్లల్ల కలిసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పని తెలిసినా తాగక తప్పలే. అటు పాలమూరుల నీళ్లు లేక ఊర్లే వలసపోయినయ్.

రాష్ట్రం వచ్చినంక 2015ల చౌటుప్పల్‌ల మిషన్ భగీరథ పైలాన్ లేచింది. కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చినయ్. మరి మనం చేస్తున్నదేంది? నల్లా నీళ్లు బట్టలకు, బోళ్లకు! తాగేటందుకు 20 లీటర్ల క్యాను! చాలా ప్లాంట్లకు నీళ్లు బోరు నుంచే. శుద్ధి పేరుతోటి అండ్ల సగానికి సగం మోరి పాలు. కొట్లాడిన మనమే మళ్లీ భూమిని తోడిపిస్తున్నం. ఈ తప్పుల మేమూ ఉన్నం.

నల్లా నీళ్ల మీద అనుమానమా? పరీక్ష చేయించుమని పంచాయతీని అడుగుదాం. ట్యాంకు కడగకుంటే నిలదీద్దాం. మన సభలల్ల నీళ్ల ప్యాకెట్లు బందువెట్టి రంజన్లు పెడదాం. చెరువుల మట్టి పోసేటోళ్లను అడ్డుకుందాం. అడిగి, కొట్లాడి తెచ్చుకున్న నీళ్లను మనమే కాదంటే ఎట్ల?