మందు పక్కన మరో మందు

ఈ శీర్షికలో ఇంతవరకు డిపాజిట్లు, నామినేషన్లు, ఇంటి అప్పులు వంటి విషయాలే రాస్తూ వచ్చాను. ఈసారి ఒక ఆరోగ్య విషయం రాయవలసి వచ్చింది. బి.కాం. చదివిన బ్యాంకు ఉద్యోగికి వైద్యంతో ఏం పని అని మీరడగవచ్చు. వైద్యం చెప్పడం నా పని కాదు. కానీ ఒక ఖాతాలో వేసిన జమ ఇంకో ఖాతాలో ఖర్చుగా తేలుతుంటే చూసి చెప్పడం నా వృత్తి.

సంగతి ఏమిటంటే, రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న స్త్రీలలో చాలామంది డాక్టరు రాసిన మందులతో పాటు బలానికని విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం వంటి మాత్రలు కూడా మింగుతుంటారు. వీటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ జీవకణాలను దెబ్బతీయకుండా ఇవి అడ్డుపడతాయి. వినడానికి మంచిదే. చిక్కు ఎక్కడంటే, మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చికిత్స క్యాన్సర్ కణాలను చంపేది చాలావరకు ఆ ఫ్రీ రాడికల్స్ సాయంతోనే. డోక్సోరుబిసిన్ అనే ఎర్రమందు పనిలో కూడా వాటికి కొంత పాత్ర ఉంది. అడ్డుపడే మాత్ర మంచి కణాన్ని మాత్రమే కాపాడి, చెడ్డ కణాన్ని వదిలేస్తుందని ఎవరు పూచీ పడతారు?

ఈ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. 2001లో గనులు మూతబడ్డాక మన కె.జి.ఎఫ్. పిల్లలు తెల్లవారుజామునే బెంగళూరు రైలెక్కడం నేర్చుకున్నారు. కొందరు విమానమూ ఎక్కారు. ఆండర్సన్‌పేటలో ఉండే మా అక్క కొడుకు ఆ రెండో రకం. తల్లికి జబ్బని తెలిసినప్పుడు సెలవు దొరక్క తాను రాలేకపోయాడు. ఐదు సీసాల మాత్రలు పంపాడు. “మామా, ఇక్కడ వీటికి డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, అంత మంచివి” అన్నాడు ఫోనులో. చీటీ అక్కర్లేకపోవడం అమ్మకానికి సంబంధించిన నియమం. అక్క ఒంటికి అది పడుతుందా లేదా అన్నది వేరే విచారణ.

ఆ ఐదు సీసాల పేర్లు, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, తరువాతి కీమోథెరపీకి వెళ్ళినప్పుడు డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చదివి, చికిత్స పూర్తయ్యేదాకా అన్నీ ఆపమన్నారు.

తిరుగు ప్రయాణంలో అక్క చాలాసేపు మాట్లాడలేదు. బంగారుపేట దాటాక అంది: “అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి రా తమ్ముడూ. సూది వాళ్ళదే, కత్తి వాళ్ళదే. నా చేత్తో నేను చేసుకునేది ఆ మాత్రలు వేసుకోవడం ఒక్కటే. అదీ వద్దన్నారు.” ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సీసాల వెనకున్న అసలు బాధ అదేనని మాత్రం అర్థమైంది. తల్లికి ఏదో ఒకటి చేయాలని కొడుకు తపన, తన ప్రాణానికి తానూ ఏదో చేసుకోవాలని తల్లి తపన.

ఇక లెక్కలు చూద్దాం. అమెరికాలో కీమోథెరపీ పొందిన 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను గమనించిన ఒక అధ్యయనం 2019 డిసెంబరులో వెలువడింది. చికిత్సకు ముందూ, చికిత్స జరుగుతుండగానూ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం 41 శాతం ఎక్కువగా కనిపించింది. అలా వాడినవారు కొద్దిమందే గనుక ఇది కాకతాళీయం కావచ్చుననే సందేహం పూర్తిగా తీరలేదు. బి12 విషయంలో మాత్రం తేడా మరింత స్పష్టంగా ఉంది. మామూలు మల్టీవిటమిన్ వల్ల లాభమూ నష్టమూ కనబడలేదు.

ఎదురు లెక్కా చెప్పాలి. చైనాలోని షాంఘైలో 4,877 మంది స్త్రీలను గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, విటమిన్లు వాడినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే ఆ మేలు రేడియేషన్ తీసుకోనివారిలోనే కనబడింది. రెండు ఖాతాలూ ఇంకా పూర్తిగా సరిపోలలేదన్న మాట. సరిపోలని ఖాతా మీద పెద్ద చెక్కు రాయకూడదని మా బ్యాంకులో మొదటి పాఠం.

విటమిన్ ఏం చేస్తుందిలే అనుకునేవారికి మన తెలుగువాడి కథే ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అదీ విటమినే. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ కోవకు చెందిన మందులిస్తే జబ్బు మరింత ఉధృతమైనట్టు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందును సుబ్బారావుగారి బృందమే అందించింది. దానితో కొందరు పిల్లలకు తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను తరువాత రొమ్ము క్యాన్సర్‌కూ వాడారు. శరీరానికి మేలు చేసేది జబ్బుకూ మేలు చేయవచ్చునని ఆనాడే తేలింది.

కాబట్టి నా మనవి ఇది. ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరుగుతుంటే, వాడుతున్న ప్రతి మాత్ర, చూర్ణం, టానిక్కు పేరు ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి. ఆయన అడగకపోయినా చూపండి. రక్తం తక్కువని, ఎముకలకని ఆయనే రాసిచ్చిన మాత్రలను ఈ వ్యాసం చదివి మానేయకండి. ఇదివరకే ఏవైనా వాడి ఉంటే బెంగపడకండి, ఈ వారమే చెప్పండి. ఉసిరికాయ, మన కోలారు టమాటా, శ్రీనివాసపురం మామిడిపండు మామూలుగా తినేంత తింటే భయం లేదు. ఒక మాత్రలో ఉండే మోతాదు అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు.

దూరాన ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. సీసాల డబ్బుతో అమ్మకు ఆసుపత్రికి కారు మాట్లాడండి. వీలైతే ఒక్క కీమోథెరపీ రోజుకైనా వచ్చి పక్కన కూర్చోండి. దానివల్ల ఏ మందు పనికీ అడ్డం రాదు.