కట్టుకుంటే సాయం, కొనుక్కుంటే శూన్యం

సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదవానికి ప్రభుత్వం నగదు సాయం చేస్తోంది. స్థలం కూడా లేనివానికి ఊరి వెలుపల లేఅవుట్‌లో పట్టా ఇస్తోంది. ఏళ్ల తరబడి ఒకే వీధిలో అద్దెకుంటూ, ఆ వీధిలోనే అమ్మకానికి వచ్చిన రెండు గదుల పాత ఇంటిని కొనుక్కోవాలని ఆశపడే కుటుంబానికి ఏమిస్తోంది? పల్లెల్లో ఏమీ లేదు. పట్టణాల్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం బ్యాంకు అప్పుకు ముడిపెట్టిన వడ్డీ రాయితీయే. ఈ రెండు జవాబుల మధ్య నలిగిపోతున్న కుటుంబాల్లో ముస్లిములు ఎందరో ఉన్నారు.

మార్టూరునే తీసుకుందాం. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీది ఊరు. 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. చుట్టూ పత్తి, మిరప పొలాలు. రోడ్డు పొడవునా గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలు, నూలు మిల్లులు. ఈ పత్తి నేలలో తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషాల వృత్తి యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక సన్నగిల్లింది. రాయి కోసే చోట దినకూలి, కుట్టుమిషను, తోపుడుబండి, లారీ మీద పని – ఇటువంటి సంపాదనతో సాగే ఇంట్లో బియ్యం కంటే ముందు తీసి పక్కన పెట్టవలసింది అద్దె. ఇరవై ఏళ్లు కట్టినా ఆ అద్దెకు ఒక్క ఇటుకైనా మిగలదు.

ఇటువంటి ఊళ్లకు వర్తించేది ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన. 2016 నుంచి అమల్లో ఉంది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇస్తారు. 2024–29 మధ్య దేశమంతటా మరో 2 కోట్ల ఇళ్లు కట్టించాలన్నది లక్ష్యం. వీలైనంత మేరకు నిధుల్లో 15 శాతం మైనారిటీలకు ప్రత్యేకించాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. చదవడానికి బాగానే ఉంది. అయితే ఈ సొమ్ము విడతలు విడతలుగా వచ్చేది నిర్మాణానికే. కట్టి ఉన్న ఇంటిని కొనడానికి అందులో ఒక్క రూపాయి కూడా వాడుకోవడానికి వీల్లేదు. స్థలం లేనివారికి స్థలం చూపే బాధ్యతను రాష్ట్రానికి వదిలేశారు. మన రాష్ట్రంలో గత ప్రభుత్వం పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చింది. ఇప్పటి ప్రభుత్వం మూడు సెంట్లు, రెండు సెంట్లు అంటోంది. సెంట్ల లెక్క మారుతోంది గాని, ఊరికీ లేఅవుట్‌కూ మధ్య దూరం తగ్గడం లేదు.

ఆ దూరం అందరికీ భారమే. మన కుటుంబాలకు ఇంకొంచెం ఎక్కువ. పిల్లల బడి, మస్జిద్, ఖబ్రస్తాన్, మిల్లు షిఫ్టు ముగించుకుని ఆడబిడ్డలు చీకటి పడ్డాక నడిచి రావలసిన దారి – ఇవన్నీ చూసుకునే పేదవాడు పాత మహల్లాను వదలలేకపోతాడు. వదలనివాణ్ణి ‘పట్టా ఇచ్చినా ఇల్లు కట్టుకోలేదు’ అని రికార్డులో రాసుకుంటారు. మరోవైపు, ఖాళీ అని బోర్డు పెట్టి, వచ్చినవారి పేరు విన్నాక ‘మా బంధువులు దిగుతున్నారు’ అనే ఇంటి యజమానులు ఏ పట్టణంలోనైనా ఉన్నారు. అద్దె ఇల్లు దొరకడమే కష్టమైనవారికి సొంత ఇల్లు సౌకర్యం మాత్రమే కాదు, ఆ ఊళ్లో నిలబడడానికి చోటు.

పట్టణాల సంగతి చూద్దాం. 2015లో మొదలైన పట్టణ ఆవాస్ యోజనలో అల్పాదాయ వర్గాలకు 6 లక్షల వరకు గృహరుణం మీద 6.5 శాతం వడ్డీ రాయితీ ఉండేది, గరిష్ఠంగా 2.67 లక్షలు రుణఖాతాలో ముందే జమ అయ్యేది. అది 2022 మార్చితో ముగిసింది. 2024 సెప్టెంబరులో వచ్చిన రెండో విడత పథకంలో మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షలు, ఐదు వాయిదాల్లో ఇస్తారు. రెండింటిలోనూ షరతు ఒక్కటే: వడ్డీకి అప్పు తీసుకుంటేనే సాయం. మన రాష్ట్రపు టిడ్కో ఇళ్లలోనూ ఇదే కథ. 300 చదరపు అడుగుల ఇంటికి అప్పు అక్కరలేదు. 365 అడుగులదానికి 3.15 లక్షలు, 430 అడుగులదానికి 3.65 లక్షలు బ్యాంకు రుణం. వడ్డీని హరామ్‌గా భావించే కుటుంబం ఆరుగురు సభ్యులున్నా అతి చిన్న గూటినే ఎంచుకోవాలి, లేదా వరుసలోంచి తప్పుకోవాలి.

మేమిక్కడ ఫత్వా చెప్పడం లేదు. గత్యంతరం లేక గృహరుణం తీసుకున్న సోదరులను తప్పుపట్టడమూ లేదు. ప్రజాధనం నుంచి వచ్చే సాయాన్ని ఒక సముదాయం మనస్సాక్షి ఒప్పుకోని ద్వారం గుండానే ఎందుకు పంపాలన్నదే మా ప్రశ్న. పైగా ఆ ద్వారమైనా అందరికీ తెరిచి లేదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పివ్వదగని మండలాలుగా గుర్తు పెట్టుకుంటున్నాయని 2006లో సచార్ కమిటీయే రాసింది. జీతం చీటీ లేని దినకూలికి ఆ గుర్తు కూడా అవసరం లేదు, గుమాస్తా తల ఊపితే చాలు.

రెండో విడత పట్టణ పథకంలో మనవాళ్లు అంతగా చర్చించని అంశం ఒకటుంది. వార్షికాదాయం 3 లక్షల లోపు కుటుంబం, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే, ప్రభుత్వం గుర్తించిన ప్రైవేటు ప్రాజెక్టులో ఇల్లు కొనడానికి వోచర్ ఇవ్వవచ్చు. ఇంటికి కేంద్రం వాటా 1.50 లక్షలు, మన వంటి రాష్ట్రాల వాటా కనీసం లక్ష. ఇది రాయితీ రూపంలో వడ్డీ లెక్కలో కలిసిపోయే డబ్బు కాదు. ఇంటి ధరలోంచి నేరుగా తగ్గే డబ్బు. అయితే ఏ ప్రాజెక్టును జాబితాలో చేర్చాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంది. బిల్డరు లేని ఊరికి, పాత ఇంటికి ఇది అందదు. మార్టూరు వంటి పంచాయతీ గీత దగ్గరే ఆగిపోతుంది.

అద్దెదారు చేతికి నగదిచ్చి బయట ఇల్లు కొనిపించడం ప్రపంచానికి కొత్త కాదు. బ్రిటన్‌లో 1980 గృహచట్టం స్థానిక కౌన్సిళ్ల ఇళ్లలో అద్దెకున్నవారికి ఆ ఇళ్లనే తగ్గింపు ధరకు కొనే హక్కు ఇచ్చింది. లక్షల కుటుంబాలు సొంతదారులయ్యాయి. కాని అమ్ముడైన ఇళ్ల స్థానంలో సరిపడా కొత్తవి రాలేదు. తర్వాతి తరం పేదలు నిరీక్షణ జాబితాల్లో మిగిలారు. చివరకు స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దు చేశాయి. 1988 చట్టం 129వ సెక్షన్‌లో ఉన్న మార్గం వేరు. కౌన్సిల్ తన ఇంటిని అమ్మదు. అద్దెదారుకు నగదు ఇచ్చి బయట ఇల్లు కొనుక్కోమంటుంది. ఖాళీ అయిన ఇంటిని వరుసలో ఉన్న మరో పేద కుటుంబానికి ఇస్తుంది.

ఈ రెండో మార్గం మన వక్ఫ్ ఆస్తులకు సరిగ్గా సరిపోతుందని మా అభిప్రాయం. మస్జిద్, దర్గాల భూముల్లో నామమాత్రపు కిరాయికి తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు అనేక ఊళ్లలో ఉన్నాయి. ‘మాకే అమ్మేయండి’ అన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. 2013 సవరణతో వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు నిషిద్ధమయ్యాయి. నిషేధించకపోయినా అమ్మకూడదు, దానమిచ్చినవారి ఉద్దేశం అది కాదు. అలాగని ఆ కుటుంబాన్ని వీధిన పడేయలేము. వారి పేర పట్టా లేదు కనుక ఇల్లు కట్టుకునే గ్రాంటూ రాదు. బయట ఇల్లు కొనుక్కోవడానికి నగదు సాయం అందితే వారు గౌరవంగా కదులుతారు. ఆ గది మరో వితంతువుకో అనాథలకో దక్కుతుంది. వక్ఫ్ బోర్డు ప్రభుత్వం ముందు పెట్టవలసిన ప్రతిపాదన ఇది. ఇంతవరకు మన నాయకులు కూడా కట్టిన ఇళ్లను లెక్కపెట్టడంలోనే ఉండిపోయారు.

పల్లెకు డబ్బివ్వడం సాధ్యం కాదంటే మేము ఒప్పుకోము. ఇందిరా ఆవాస్ యోజన కాలంలో, 2009లోనే, ఇంటి స్థలం కొనుక్కోవడానికి కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉండేది. మహారాష్ట్ర, బిహార్ రాష్ట్రాలు స్థలం కొనుగోలుకు సొంత పథకాలు పెట్టుకున్నాయి. స్థలానికి ఇవ్వగలిగిన డబ్బు, నివాసయోగ్యమని గృహనిర్మాణ శాఖ ఇంజినీరు ధ్రువీకరించిన పాత ఇంటికి ఎందుకు ఇవ్వలేరు? రిజిస్ట్రేషన్ రోజున సొమ్ము అమ్మినవారి ఖాతాలో పడాలి, దస్తావేజు ఇల్లాలి పేర ఉండాలి. దళారి చొరబడకుండా ఇంతకంటే చేయవలసింది పెద్దగా లేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. 6 లక్షల ఇంటికి 45,000 రూపాయలు. మొదటి ఇల్లు కొనే పేద కుటుంబానికి దీన్ని మాఫీ చేసినా ఒక గ్రాంటు ఇచ్చినట్టే.

ఈ ఖర్చుకు భయపడే చాలామంది తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకుని ఇల్లు కొన్నామనుకుంటున్నారు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ స్థలాల బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలు ఉన్నాయి. ఇంటి స్థలాలకు తర్వాత కొంత సడలింపు వచ్చినా అది గడువుకు, షరతులకు లోబడినదే. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషిద్ధ జాబితాలో వక్ఫ్, దేవాదాయ భూములూ ఉంటాయి. బయానా ఇచ్చే ముందు ఈసీ తీయించడం, ఆ సర్వే నంబరు నిషిద్ధ జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అడగడం అర పూట పని. సాటివారి దగ్గర కొంటున్నాం కదా అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఎంత గ్రాంటు వచ్చినా మిగిలిన మొత్తం ఎక్కడి నుంచి అన్న ప్రశ్న ఉంటుంది. బైతుల్‌మాల్ నడుపుతున్న జమాతులు పెళ్లి ఖర్చులకు, ఆసుపత్రి బిల్లులకు సాయపడుతున్నాయి, సంతోషం. ఇంటి కొనుగోలుకు వాయిదాల మీద ఖర్జె హసనా ఇచ్చే నిధిని వేరుగా పెట్టి, లెక్కలు మస్జిద్ గోడ మీద అంటించగలిగితే, కలిగినవారు ముందుకు వస్తారు. అర్హుడైన పేదవానికి ఈ పద్దులో జకాత్ ఏ మేరకు చెల్లుతుందో స్థానిక ఉలమాను అడిగి నిర్ణయించుకోవాలి.

మీ ఊరు గ్రామీణ పథకంలో ఉందో, పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో చేరి పట్టణ పథకంలోకి మారిందో సచివాలయంలో ఇవాళే తెలుసుకోండి. మహల్లాలో అద్దెకున్న కుటుంబాల జాబితాను ఆదాయ ధ్రువపత్రాలతో సహా యువకులు తయారు చేయాలి. అర్హుల పేర్లు గ్రామసభలో చదివే రోజున ఆ జాబితా పట్టుకుని వెళ్లండి. అద్దెదారులకు కొనుగోలు సాయం కావాలన్న తీర్మానాన్ని అక్కడే ప్రతిపాదించండి, మినిట్స్ పుస్తకంలో నమోదయ్యేదాకా కదలకండి.